మీ నాన్న చూడని షో

పిచ్చుకా,

మీ నాన్నకి ఆ సెలబ్రిటీల సాహసాల షో అంటే ఒళ్లుమంట. అందుకే నిన్న కూడా సోఫా వెనక నిలబడి, చేతిలో పేపరు పట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చూశారు.

నేను పిన్ని వాళ్లింటికి వెళ్తున్నాను. కూర వేడి చేసుకుని తిను. ఈత సంచిలో తడి తువ్వాలు ముక్కిపోతోంది, తీసి ఆరెయ్యి.

పోటీలో నువ్వు డైవింగ్ బోర్డు ఎక్కి, దూకకుండా దిగొచ్చావని మీ నాన్న "నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు కదా, అప్పట్నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు. నిన్న షోలో ఆ కండల హీరో కూడా అంత ఎత్తూ ఎక్కి, కిందికి చూసి, దూకకుండా మెట్లు పట్టుకుని దిగొచ్చాడు. నేను నవ్వాను.

"నవ్వకు. అంతమంది చూస్తుంటే దిగిరావడానికి ఎంత గుండె కావాలి!" అన్నారు.

"ఆ మాట టీవీకి కాదు, గదిలో తలుపేసుకున్న పిల్లకి చెప్పండి" అన్నాను. పేపరు మడిచి వెళ్లిపోయారు.

అమ్మ

ఇంకోటి. ఇది నేను చెప్పినట్టు ఆయనకి తెలియకూడదు. సాయంత్రం ఆయన గొంతు సవరించుకుంటే, కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టు. పొద్దున నువ్వు నిద్రలో ఉండగా నీ దుప్పటి సరిచేసి, పైకే అన్నారు: "తప్పు నాదేరా తల్లీ."