పావని పక్కన కూర్చునే పిల్ల

14 జూన్ 2004
ఎయిడ్స్ బాధిత కుటుంబాలకు సాయం చేసే సంస్థలో చేరి రెండో వారం. నర్సీపట్నంలో నాకిచ్చిన ఇళ్లలో మొదటిది లోవమ్మది. మనవరాలు పావని నాలుగో తరగతి. లారీ నడిపే తండ్రి, తర్వాత తల్లి, ఇద్దరూ ఎయిడ్స్‌తోనే పోయారు. పాపకు టెస్టు నెగెటివ్. బియ్యం, పప్పు, నోటుబుక్కులు ఇచ్చాం. మా అమ్మాయి నూకరత్నం ఈడు పిల్ల. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. ముట్టుకుంటే అంటుకోదని ట్రైనింగ్‌లో అందరి ముందూ చెప్పింది నేనే.

28 జూన్
లోవమ్మ ఈసారి లోపలికి రమ్మనలేదు. "మీ జీపు మా ఇంటికాడ ఆపకండమ్మా. ఆ ఎర్ర రిబ్బను బొమ్మ ఏటో అందరికీ తెలుసు. నిన్న కుళాయికాడ నా బింది తోసీసినారు" అంది.

5 జూలై
ప్రాజెక్ట్ ఆఫీసర్ గోపీకృష్ణ గారికి చెప్పాను. జీపు మీద ఆ ఎయిడ్స్ గుర్తు ఉండాలన్నది ఫండ్ ఇచ్చేవాళ్ల షరతట. తీయడం కుదరదన్నారు.

20 జూలై
స్కూలుకెళ్లాను. పావని గుమ్మం దగ్గర వేరే గోనెపట్టా మీద ఒక్కతే కూర్చుంది. హెడ్మాస్టరుకి టెస్టు రిపోర్టు చూపించాను. తనకు తెలుసన్నారు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదన్నారు. కాగితం మడిచి తిరిగిచ్చేశారు.

21 జూలై
ఫీల్డుకు వెళ్లలేదు.

2 ఆగస్టు
సాయం వద్దని లోవమ్మ వేలిముద్ర వేసింది. ఎందుకని అడిగాను.
"బియ్యం లేపోతే గంజి తాగుతాం. దానికి పక్కన కూకునే పిల్ల కావాలమ్మా."
ఫారంలో 'సాయం నిరాకరించారు' అని రాశాను. అంతకన్నా పెద్ద గడి లేదు.

15 ఆగస్టు, ఆదివారం
కాన్వెంటులో జెండా వందనం అయ్యాక నూకరత్నాన్ని తీసుకుని లోవమ్మ ఇంటికి నడిచి వెళ్లాను. జీపు లేదు, సంచి లేదు. మా ఆయనకు చెప్పలేదు. లోవమ్మ కంగారుపడి ఉప్మా చేసింది. పళ్లెం ఒకటే ఉంది. పిల్లలిద్దరూ అందులోనే చేతులు పెట్టారు. నా చెయ్యి నూకరత్నం జబ్బ దాకా వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. లోవమ్మ చూసింది.
తిన్నాక ఇద్దరూ వీధిలో తొక్కుడుబిళ్ల ఆడారు. ఎదురింటి గంగులు కూతురు అరుగు మీద కూర్చుని చూసింది. ఎండ దిగేదాకా ఉన్నాం.

22 ఆగస్టు
మళ్లీ వెళ్లాం. ముగ్గురు ఆడారు. గంగులు భార్య కూతుర్ని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

10 సెప్టెంబరు
లోవమ్మ తనే ఆఫీసుకొచ్చి మళ్లీ పేరు రాయించుకుంది. బియ్యం ఇక్కడే తీసుకుంటానంది. బడిలో గంగులు కూతురు జరిగి పావనికి చోటిచ్చిందట. ఇప్పుడు పావని తలనిండా పేలు. ఆ పిల్ల దగ్గర్నుంచే అంటుకున్నాయట. ఆ మాట నవ్వుతూ చెప్పింది.