టేపులో డోలు కొడుతున్నదెవరు?

నాష్‌విల్, 1999 జనవరి 11

ఆర్విల్ కొంబ్స్ గారికి, రికార్డుల కంపెనీ నుంచి మార్లీన్ నమస్కరించి రాయునది.

మీకు ఫోనంటే గిట్టదని మీ ఊరి పోస్టాఫీసులో చెప్పారు, అందుకని ఉత్తరం రాస్తున్నాను. మేం పేరున్న రాక్ బృందాల పాత పాటలు తీసుకుని, మాటలు తీసేసి, బ్యాంజో, ఫిడేలు, మాండొలిన్ పెట్టి మీ కొండల సంగీతం బ్లూగ్రాస్ పద్ధతిలో ఆల్బమ్‌లు వేస్తుంటాం. ఆ బృందం మీద అభిమానంతో చేసే పని. ఈసారి ఇంగ్లండు వాళ్లు, జుట్టు నడుం దాకా ఉంటుంది. మొత్తం పది పాటలు. మిగతా వాద్యాలన్నీ అయిపోయాయి. మా బ్యాంజో ఆయన నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

మీరు ఇక్కడికి రాలేరని తెలిసింది. అందుకే రికార్డు చేసే పెట్టె, మైకు, హెడ్‌ఫోన్లు పంపుతున్నాను. మిగతావాళ్లు వాయించింది చెవుల్లో వింటూ మీ వంతు మీరు వాయించండి. ముందు ఒక్క పాట పంపండి. నచ్చితే మిగతా తొమ్మిదీ మీవే. అట్ట వెనక మీ పేరు వేస్తాం. మార్చి 15 గడువు.

విధేయురాలు,
మార్లీన్ హడ్జెన్స్

తా.క. వీళ్లు వేదిక మీద గిటార్లు పగలగొడతారు. చివర్లో వినిపించే చప్పుడు అదే, పెట్టె పాడైందనుకోకండి.


కెంటకీ కొండలు, జనవరి 25

మార్లీన్ అమ్మాయికి ఆర్విల్ దీవెనలు.

పెట్టె అందింది. పాట విన్నాను. "ఒరే, వీళ్లకేం జబ్బురా?" అని మా తమ్ముడు డెంజిల్‌ని అడిగాను. "జబ్బు కాదన్నా, వయసు" అన్నాడు. కానీ ఆ అరుపులు తీసేస్తే అడుగున మంచి బాణీ ఉందమ్మా. బీన్స్ ఒలుస్తూ మా అమ్మ కూనిరాగం తీస్తే ఇలాగే ఉండేది. వాయించి పంపుతున్నాను.

నేను ముప్ఫయ్యొక్క ఏళ్లు గనిలో బొగ్గు తవ్వాను. అందులో కొంత ఇంకా నా ఊపిరితిత్తుల్లోనే ఉంది. కంపెనీవాళ్లు అడగలేదు, నేను తిరిగివ్వలేదు. మా డాక్టరు వచ్చే శీతాకాలం ఊసెత్తడం మానేశాడు. యాభై రెండేళ్లుగా పెళ్లిళ్లకీ, చావులకీ, ఎన్నికలకీ వాయించాను. ఒక్క రికార్డు మీదా నా పేరు లేదు. పోయేలోగా ఒక్కసారి అది అచ్చులో ఉండాలని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఇట్లు,
ఆర్విల్ కొంబ్స్

తా.క. గిటారు పగలగొట్టారా! మరీ అంత చెడ్డ గిటారా?


నాష్‌విల్, ఫిబ్రవరి 3

ఆర్విల్ గారికి నమస్కారాలు.

మీ చేతిలో ఏముందో గానీ, విని అందరం నోళ్లు వెళ్లబెట్టాం. ఒక్కటే చిక్కు. పాట పొడుగునా, మూడు సెకన్లకోసారి 'దబ్' అనీ, వెంటనే 'బుస్స్' అనీ వినబడుతోంది. కాస్త కూడా లయ తప్పడం లేదు. "పెద్దాయన ఎవడో డోలువాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు" అంటున్నాడు మా ఇంజనీరు. బ్లూగ్రాస్‌లో డోలు వినబడితే మా శ్రోతలు ఊరుకోరని మీకు నేను చెప్పాలా? దయచేసి ఆయన్ని పంపించేయండి.

మీ,
మార్లీన్

తా.క. ఆయన మీ బంధువైతే నన్ను క్షమించాలి.


కెంటకీ కొండలు, ఫిబ్రవరి 10

మార్లీన్‌కి,

నా ఇంట్లో డోలా! ఎంత మాటన్నావమ్మా! కోర్టు దగ్గర సంతలో ఎవడో డోలు పట్టుకుని వేదిక ఎక్కితే, మా నాన్న సగం పాటలో బ్యాంజో సర్దుకుని ఇంటికి నడిచొచ్చేశాడు. తొమ్మిది మైళ్లు. ఆయన కొడుకుని నేను.

అయినా నువ్వన్నావని ఇల్లంతా గాలించాను. గోడ గడియారం కొట్టంలో పెట్టాను. కోళ్లని అమ్మేశాను. కుక్కని మా వదిన ఇంటికి పంపాను, అది వెనక్కి తిరిగి చూసిన చూపు నేను మరిచిపోలేను. ఫ్రిజ్ ఆపాను, పాలు విరిగాయి. చివరికి డెంజిల్ దొరికాడు. నేను వాయిస్తుంటే వాడు కాలు నేలకేసి కొడతాడు. బూట్లు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ టేపు చూసుకో.

ఇట్లు, డోలు తెలియని
ఆర్విల్

తా.క. డెంజిల్ మేజోళ్లతో మంచులోకి వెళ్లి కట్టెలు తెస్తున్నాడు. మా మధ్య మాటల్లేవు.


నాష్‌విల్, ఫిబ్రవరి 19

ఆర్విల్ గారికి,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. శబ్దం అలాగే ఉంది. కుక్క లేదు కదా, ఇప్పుడు ఇంకా బాగా వినబడుతోంది. మా పైఆయన యూనివర్సిటీలో సంగీతం చదివిన ఒక బ్యాంజో కుర్రాడితో మాట్లాడేశాడు. మీ కోసం నెలాఖరు దాకా ఆపమని బతిమాలాను. ఇదే ఆఖరి అవకాశం. ఇంకేమైనా ఉందేమో వెతకండి, మీ పుణ్యముంటుంది.

మీ,
మార్లీన్

తా.క. మీ తమ్ముడు గారిని ఆ కాసేపు బయట కూర్చోబెట్టగలరా?


కెంటకీ కొండలు, ఫిబ్రవరి 25

మార్లీన్ అమ్మాయికి,

దొరికింది. డెంజిలే కనిపెట్టాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేపు విన్నాడు, నా వంక చూశాడు. నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్నదే. అలవాటైపోయి మా చెవులకి ఎక్కలేదు. రేపు దాని నోరు మూయిస్తాను. డెంజిల్ వద్దని గోల పెడుతున్నాడు. వాణ్ణి వరండాలోకి తోసి గడియ పెడతాను.

ఇట్లు,
ఆర్విల్

తా.క. ఆ యూనివర్సిటీ కుర్రాణ్ణి ఇంకొన్నాళ్లు చదువుకోమని నా మాటగా చెప్పు.


నాష్‌విల్, మార్చి 4

ఆర్విల్ గారికి అభినందనలు!

టేపు శుభ్రంగా ఉంది! సూది పడ్డా వినబడేంత నిశ్శబ్దం, దాని మీద మీ బ్యాంజో. మా పైఆయన లేచి నిలబడ్డాడు. మిగతా తొమ్మిదీ మీకే ఖాయం. గడువు పదిహేను. మీరేం చేశారో నాకు తెలియదు గానీ, తొమ్మిదింటికీ అచ్చంగా అదే చెయ్యండి.

సంతోషంతో,
మార్లీన్

తా.క. మా ఇంజనీరు అంటున్నాడు, "ఈయన ఊపిరి కూడా తీసుకోడా ఏంటి?" అని.


కెంటకీ కొండలు, మార్చి 8

మార్లీన్ గారికి, ఆర్విల్ తమ్ముడు డెంజిల్ రాసేది.

మీ ఉత్తరం శనివారం వచ్చింది. మా అన్నని అంతకు ముందు సోమవారమే పాతిపెట్టాం. టేపు పోస్టులో వేసింది నేనే.

ఆ డోలు మా అన్నకి గాలి అందించే యంత్రమండీ. ముక్కుకి గొట్టం పెట్టుకుని నాలుగేళ్లుగా దానితోనే బతికాడు. "అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా, వద్దు" అన్నాను. "నాలుగు నిమిషాల పాటరా. గనిలో ఇంతకంటే ఎక్కువసేపు బిగబట్టాను. పిలిచేదాకా రాకు" అని నన్ను బయటికి నెట్టాడు. యంత్రం ఆగడం కిటికీ అవతల నుంచి విన్నాను.

నాలుగు నిమిషాలదే. కానీ మా అన్నకి ఏదీ ఒక్కసారికి నచ్చదు. ఏడుసార్లు వాయించాడు. మూడోసారికే తలుపు పగలగొట్టాల్సింది. అంత బాగా వాయిస్తున్నాడండీ, ఆపడానికి చేతులు రాలేదు. ఆ పాపం నాది. ఏడోది అయ్యాక పిలుస్తాడని నిలబడ్డాను. పిలవలేదు. లోపలికి వెళ్లేసరికి గొట్టం చేతిలో ఉంది, ముక్కు దాకా రాలేదు.

మిగతా తొమ్మిదింటికీ అదే చెయ్యమన్నారు. వీలు కాదు. ఉన్న ఒక్కదానికి ఆయన పేరు వెయ్యండి.

ఇట్లు,
డెంజిల్ కొంబ్స్

తా.క. శబ్దం ఉందని మీరు వద్దన్న టేపులు రెండూ పారేయకండి, నాకు పంపండి. మీకు నచ్చింది మీరే ఉంచుకోండి. ఆ రెండింట్లో మా అన్న ఊపిరి తీసుకుంటున్నాడు.