ఏడో నంబరు కొలతలు

జూన్ 4

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. బావ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని, కుట్టుమిషను సూదిలో దారం ఎక్కించబోయి వేలు గుచ్చుకున్న సంగతి చదివి ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. పక్క గదిలో పనిచేసే ఆయన తలుపు తీసి చూసి, మళ్లీ మెల్లగా వేసుకుని వెళ్లిపోయాడు.

"నువ్వక్కడ చేసే పనేమిటో షాపుకొచ్చిన వాళ్లు అడిగితే నీళ్లు నములుతున్నాను" అని రాశావు. సరే, చెబుతాను. మధ్యలో ఆవులించకు.

మామూలు ఎక్స్‌రేలకు లొంగని మొండి గడ్డలు కొన్ని ఉంటాయి. వాటి మీదికి న్యూట్రాన్లను పంపిస్తారు. న్యూట్రాన్ అంటే కంటికి ఆనని రేణువు. ఒంట్లోకి దూరాక తనంతట తాను పెద్దగా ఏమీ చేయదు. దారిలో హైడ్రోజన్ తగిలితే మాత్రం గట్టిగా గుద్దుతుంది. ఆ గుద్దుకు ఒక ప్రోటాను ఎగిరిపడి, ఓ వెంట్రుక మందమంత దూరం పరుగెత్తి, తన దగ్గరున్న శక్తినంతా అక్కడే దింపేసి ఆగిపోతుంది. ఆ దారిలో ఉన్న జీవకణం పని అయిపోయినట్టే. దాని పక్కనే ఉన్న కణానికి ఏం జరిగిందో కూడా తెలియదు.

అందుకని సగటు చెబితే సరిపోదు. వంద కణాలకు కలిపి ఇంత శక్తి అన్నామనుకో, తొంభై కణాలకు ఏమీ తగలకపోవచ్చు, పదింటికి చావుదెబ్బ తగలొచ్చు. నా పని ఆ పదింటి సంగతి తేల్చడం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే గోళాలను కంప్యూటరులో కట్టి, వాటి మీదికి లక్షల న్యూట్రాన్లను వదిలి, ఏ గోళంలో ఎంత శక్తి దిగిందో చూస్తాను. ఏ న్యూట్రాన్ ఎటు తిరగాలో కంప్యూటరు పాచికలు వేసి తేలుస్తుంది. పాచికలాడే ఉద్యోగం అని చెప్పు, ఇంకేమీ అడగరు.

మీకు గంట ప్రయాణంలో ఉన్న పెద్దాసుపత్రి వాళ్లు మా లెక్కలు చూసే మోతాదు నిర్ణయిస్తున్నారు. పేషెంట్ల పేర్లు మాకు పంపరు, నంబర్లే. పేరు తెలిస్తే లెక్క వేసే చెయ్యి ఎటో ఒకవైపు ఒరుగుతుందని ఆ నియమం. ఇప్పటికి ఆరుగురివి అయ్యాయి. ఏడో నంబరు యాభై దాటిన ఆడమనిషి. కుడి చెవి కింద, లాలాజలం ఊరే గ్రంథిలో గడ్డ. ఆ కాగితం మొన్ననే సంతకం చేసి పంపాను.

ఈ పని నాకెంత నచ్చిందో నీకు తప్ప ఎవరికి చెప్పుకోను.

నీ
పిడుగు

*

జూన్ 12

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆవులించాను, నిజం చెప్పాలిగా. రెండోసారి మీ బావకి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "అంటే ఆ న్యూట్రాను మన పై వాటా ఆయన లాంటిదన్నమాట. వచ్చినట్టే తెలియదు, పోయాక చూస్తే ఏదో ఒకటి విరిగి ఉంటుంది" అన్నారు. ఆయనకు అర్థమైందనే నా అనుమానం.

ఇక్కడ అంతా మామూలే. మంగళవారాలు షాపు మూస్తున్నాం. కాళ్లకు కాస్త విశ్రాంతి, అంతే. కోట్లు తగ్గించి స్కూలు బట్టలే ఎక్కువ తీసుకుంటున్నాను.

మూడోసారి చదివినప్పుడు ఒక సంగతి తట్టింది. తెలివితక్కువ ప్రశ్న అయితే నవ్వుకుని ఊరుకో. గోళాలు కట్టానన్నావు, బాగుంది. ఆ గోళాల్లో ఎవరి ఒళ్లు పోశావు? నేను ముప్పయ్యేళ్లుగా టేపు మెడలో వేసుకుని తిరుగుతున్నాను. 'మామూలు సైజు' మనిషి ఒక్కడూ నా గడప తొక్కలేదు. ఛాతీ మామూలుదైతే మెడ కాదు, మెడ సరిపోతే చేతులు పొడుగు. రెడీమేడ్ కొలతతో కోసిన చొక్కా ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. మీ ఏడో ఆవిడ చెంపలు లావువో పీలవో నీకు తెలుసా? నా చెంపలు చిన్నప్పుడు నువ్వు గిల్లిగిల్లి పాడుచేశావు కదా, అందులో ఉన్నదంతా కొవ్వేనని నువ్వే అనేదానివి.

తొందరేమీ లేదు. వీలు చూసుకుని రాయి. వేళకి తిను. నీ ఉత్తరాల్లో తిండి మాట వచ్చి చాలా రోజులైంది.

నీ
అక్క

*

జూలై 2

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకో. రాయడానికి మొహం చెల్లలేదు.

నీ ప్రశ్న చదివి ముందు నవ్వాను. జవాబు నోట్లోనే ఉంది. మా రంగంలో అందరికీ ఒకటే వాడకం: కండరం. ఒంట్లో ఎక్కడైనా సరే, ఇంత హైడ్రోజన్, ఇంత కార్బన్, ఇంత నైట్రోజన్, ఇంత ఆక్సిజన్ అని ఒక పట్టిక ఉంటుంది. నాకు నేర్పినవాళ్లకు నేర్పినవాళ్ల కాలం నుంచి అదే. అదే నీకు రాద్దామని కూర్చుని, ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ముందు ఆరుగురివీ తొడ గడ్డలు, భుజం గడ్డలు. అక్కడుండేది కండరమే. ఏడో నంబరుది చెవి కింద గ్రంథి. వయసు మీదపడేకొద్దీ ఆ గ్రంథిలో కొవ్వు పేరుకుంటుంది. లాలాజలం ఊరించే కణాలు ఆ కొవ్వు మధ్య గుంపులు గుంపులుగా ఇరుక్కుని ఉంటాయి. కొవ్వులో హైడ్రోజన్ కండరంలో కంటే ఎక్కువ. హైడ్రోజన్ ఎక్కువైతే గుద్దులు ఎక్కువ, ప్రోటాన్లు ఎక్కువ. ఇది నాకు తెలియని విషయం కాదక్కా. పరీక్షలో అడిగితే కళ్లు మూసుకుని రాసేదాన్ని. పట్టిక మార్చాలని మాత్రం తట్టలేదు.

కంప్యూటరు వంతు కోసం తొమ్మిది రోజులు ఆగి, కొవ్వుతో మళ్లీ వేశాను. గోళాల్లో దిగే శక్తి పదో వంతు పెరిగింది. పదో వంతే కదా అనుకోకు. న్యూట్రాన్ల దెబ్బ తిన్న మంచి కణం మళ్లీ కోలుకోవడం అరుదు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్య నుంచే పోతుంది. దవడ ఎముక పక్కనే ఉంది. మోతాదు మీరితే ఏడాదికో రెండేళ్లకో ఆ ఎముక పుచ్చడం మొదలవుతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

మా పెద్దాయన దగ్గరికి కాగితాలు పట్టుకుని వెళ్లాను. ఓపికగా చూశారు. "పది శాతం మన లెక్కల్లో అటూ ఇటూ ఉండేదేనమ్మా. డాక్టర్లు కూడా కొంత జాగ్రత్త పడతారు. ఈ లెక్కల మీద మన వ్యాసం అచ్చు కానివ్వు, ఆ తర్వాత సవరణ పంపుదాం" అన్నారు. చెడ్డవాడు కాదు. ఆసుపత్రితో ఒప్పందం తెచ్చుకోవడానికి ఆయన ఎనిమిదేళ్లు తిరిగారు. ఇప్పుడు తప్పు బయటపెడితే అది పోవచ్చు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, అదెలాగూ పోతుంది.

ఏడో నంబరుకు చికిత్స పదమూడో తేదీ సోమవారం మొదలు. నేను నోరు విప్పితే అంతా ఆపి మళ్లీ వేయాలి. నెల పైన పడుతుంది. ఈలోగా గడ్డ పెరగదా? ఆ పాపం కూడా నాదే అవుతుంది. విప్పకపోతే ఆవిడ నా కాగితం నమ్ముకుని వెళ్లి పడుకుంటుంది. రెండు వైపులా ఆలోచించి నా బుర్ర పనిచేయడం మానేసింది.

నువ్వైతే ఏం చేస్తావు?

నీ
పిడుగు

*

జూలై 6

ప్రియమైన పిడుగుకి,

ఇది చిన్న ఉత్తరం. చదవగానే లేచి చెయ్యాల్సిన పని ఉంది కాబట్టి.

నువ్వు పుట్టిన కొత్తలో, నేను పని నేర్చుకుని సొంతంగా కుట్టిన మొదటి కోటు మా లెక్కల మాస్టారిది. ఎడమ భాగం అంగుళం తక్కువ కోశాను. గుడ్డ మళ్లీ దొరకదు. పైన జేబు కుట్టి మరుగు చేసి ఇచ్చేశాను. ఆయన దాన్ని ఆరేళ్లు వేసుకున్నారు. వేసుకున్నప్పుడల్లా ఎడమ భుజం కొంచెం ఎత్తి నడిచేవారు, అది తన నడకే అనుకుని. ఆయన ఎదురైతే నేను రోడ్డు దాటి అటువైపు వెళ్లిపోయేదాన్ని. ఆరేళ్లు.

కోటైతే ఇంటికెళ్లి విప్పేస్తారు. నువ్వు కోసింది విప్పడానికి వీల్లేనిది.

మీ పెద్దాయన మంచివాడే అయి ఉంటారు. డాక్టర్లు జాగ్రత్త పడతారన్న మాట కూడా నిజమే కావచ్చు. ఆ డాక్టర్లు జాగ్రత్త పడేది నీ అంకె చూసే కదా. చెప్పెయ్. ఉద్యోగం పోతే ఇక్కడికొచ్చి గుండీలు కుడుదువుగాని, నీ చేతి కుట్టు నాకంటే సన్నంగానే ఉంటుంది.

ఇక ఆలస్యం సంగతి. అది నీ నెత్తిన వేసుకోకు. ఆలస్యం ఎంతవరకు తట్టుకోగలనో ఆ ఏడో మనిషి చూసుకుంటుంది. తప్పు కొలతను మాత్రం ఆమె కనిపెట్టలేదు, అది నువ్వొక్కదానివే చెప్పాలి.

నీ
అక్క

*

ఆగస్టు 15

ప్రియమైన అక్కకు,

చెప్పేశాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. శని, ఆదివారాలు పిరికిదానిలా గదిలో పచార్లు చేశాను. సోమవారం పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. 'ఏడో నంబరు ఆపండి. నా లెక్క తప్పు. వివరాలు పంపుతున్నాను' అని ఆసుపత్రికి టెలిగ్రాం రాసిచ్చాను. గుమాస్తా మాటలు లెక్కపెట్టి, "ఇదేం లాటరీనా అమ్మా" అని అడిగాడు. తర్వాత పెద్దాయన గదికి వెళ్లి, తంతి ఇచ్చేశానని చెప్పాను. ఆయన "కనీసం నాతో చెప్పి ఇవ్వాల్సింది" అన్నారు. అది నా తప్పే.

ఒప్పందం పోలేదు. ఆసుపత్రి డాక్టరు ఒక పేజీ నిండా కోప్పడి, కింద 'కృతజ్ఞతలు' అని రాశారు. ఏడో నంబరు గ్రంథిలో కొవ్వు ఎంతో కొత్తగా స్కాను తీసి పంపారు. సగానికి సగం కొవ్వే. ఆవిడ కొలతతోనే గోళాలన్నీ మళ్లీ కట్టాను. కొవ్వు వేరుగా, కణాల గుంపులు వేరుగా, మధ్యలో నరం. వేరే ఊళ్లో లెక్కలేసే ఆయన చేత కూడా విడిగా వేయించారు. రెండూ కలిశాయి. నిన్న సంతకం చేసి పంపాను. మోతాదు తగ్గిస్తారు.

నా ఉద్యోగం ఈ ఏడాది చివరిదాకానే. ఆ తర్వాత పొడిగించరట. పెద్దాయన మర్యాదగానే చెప్పారు. ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను, తర్వాత ఆకలేసి తిన్నాను.

నన్ను తొలిచేది అది కాదు. ఈ ఐదు వారాల్లో ఆ గడ్డ నాలుగు మిల్లీమీటర్లు పెరిగిందని కొత్త కాగితాల్లో ఉంది. నేను మొదటే సరిగ్గా వేసి ఉంటే ఆ నాలుగు మిల్లీమీటర్లు ఉండేవి కావు. ఆవిడెవరో, ఇంట్లో ఎవరున్నారో, ఎందుకు ఆపారని అడిగితే ఏం చెప్పారో నాకు తెలియదు. ఒక్కసారి ఎదురుగా కూర్చుని, తప్పు నాదని చెప్పాలనుంది. ఆ నియమం పెట్టినవాళ్ల మీద జీవితంలో మొదటిసారి కోపం వస్తోంది.

నువ్వు ఎలా ఉన్నావో రాయడం మానేశావు. ఈసారి నీ సంగతులే రాయి.

నీ
పిడుగు

*

ఆగస్టు 23

ప్రియమైన పిడుగుకి,

నా సంగతులే రాయమన్నావు. రాస్తున్నాను. కూర్చుని చదువు.

తంతి వచ్చిన సోమవారం నేను ఆసుపత్రిలోనే ఉన్నాను, ఆ బల్ల మీద. ముఖం కదలకుండా పిండికట్టుతో అచ్చుపోసిన ముసుగు వేసి, బల్లకు బిగించారు. కళ్లకూ ముక్కుకూ తప్ప ఎక్కడా కన్నం లేదు. అందరూ బయటికి వెళ్లి తలుపు వేశారు. ఆ తలుపు గోడంత మందం ఉంటుంది. అంతలోనే అది మళ్లీ తెరుచుకుంది. డాక్టరు లోపలికొచ్చి, "ఇవాళ లేదమ్మా, లేవండి. లెక్కవేసే అమ్మాయి ఆపమంది" అన్నారు. ముసుగులో ఉన్నాను కాబట్టి నా ముఖం ఆయనకు కనపడలేదు.

ఏడో నంబరు నేనే.

గడ్డ సంగతి మే నెలలో తెలిసింది. ఎక్స్‌రేలకు లొంగదన్నారు. న్యూట్రాన్లు పెట్టే చోటు ఇదొక్కటే దగ్గర, లెక్క మీ దగ్గర వేస్తారని డాక్టరు చెబితే తెలిసింది. అందుకే నీ పనేమిటని అడిగాను. షాపులో ఎవరూ అడగలేదు. అచ్చుపోసిన రోజు నా ముఖాన్ని వెంట్రుకంత కూడా తేడా రాకుండా కొలిచారు. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివితే, పైన ఇంత శ్రద్ధగా కొలిచినవాళ్లు లోపల ఎవరి కొలత వాడుతున్నారో అనిపించింది.

మీ బావది ప్రతి మంగళవారం ఆసుపత్రికి వెళ్లే బస్సులో గొడవే. "దానికి చెప్పకపోతే నేను చెబుతా" అని. చెబితే నువ్వు లెక్క అవతల పడేసి మొదటి రైలెక్కేదానివి. పక్కన కూర్చుని ఏడవడానికి నాకు మీ బావ ఉన్నారు. లెక్కవేయడానికి ఎవరున్నారు?

జూలైలో నీకు ఉత్తరం రాసేటప్పుడు నాకేం ధైర్యం పొంగలేదు. ఆలస్యమైతే నాకే నష్టమని తెలుసు. చెప్పొద్దని రాద్దామా అని కూడా ఒక పూట ఆలోచించాను. నువ్వు ఆరేళ్లు రోడ్డుకు అటువైపు నడవడం నేను చూడలేననిపించి, చెప్పమని రాశాను.

నాలుగు మిల్లీమీటర్ల సంగతి నాకూ తెలుసు, రోజూ వేలితో తడుముకుంటూనే ఉన్నాను. అది నీ మీద కోపం తెచ్చుకోవాల్సినంత పెద్దది కాదు. కుడి పెదవి చివర కొంచెం జారింది, చికిత్స తర్వాత అది తిరిగి వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నారు. రాకపోతే సగం ముఖంతో నవ్వుతాను, నీ జోకులకు అంతకంటే అక్కర్లేదు. భయం మాత్రం ఉంది. అది దాచను.

డాక్టరు కొత్త లెక్క వేరే చోటికి పంపమంటారా అని నన్ను అడిగారు. ఆ అమ్మాయే వేయాలి అన్నాను. నేనెవరో తెలిస్తే నీ చెయ్యి ఒరుగుతుందని, అది అయిపోయేదాకా నోరు కుట్టేసుకున్నాను. శుక్రవారం కాగితం చూపించారు. అడుగున నీ సంతకం ఎప్పటిలాగే నిటారుగా ఉంది. అది చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

రేపు సోమవారం మొదటి రోజు. వారానికి మూడుసార్లు, నాలుగు వారాలు. ఇది నీకు చేరేసరికి నువ్వు కొలిచిన కొలతతో రెండుసార్లు పడుకుని లేచి ఉంటాను.

తప్పు నాదని ఎదురుగా కూర్చుని చెప్పాలన్నావు కదా. వచ్చి చెప్పు. వింటాను.

నీ
అక్క