మంచులో లేచిన గీత

సోమవారం
జూజువాడి. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్ట్ పక్కన మునియమ్మవ్వ టీ కొట్టు, దాని మిద్దె మీద మా కొత్త యంత్రం. గాలిని లేజర్ వెలుతురు గుండా పోనిచ్చి అందులోని దుమ్ము, పొగ నలకలు లెక్కపెడుతుంది. పాతది మంచు బొట్టునూ దుమ్మే అనుకునేది. ఇందులో గాలిని వెచ్చజేసి మంచు ఆరబెట్టే గొట్టం ఉంది — నేను గీసింది. ఈ వారం పరీక్షలో నిలబడకపోతే అటకెక్కించేస్తామన్నారు ఆఫీసులో సార్.

మంగళవారం
మంచు. లారీలు కనబడవు, హారన్లే. పాత యంత్రం అంకె ఎక్కడికో పోయింది. కొత్తది... ఇంత మంచునీ లేదు పొమ్మంది! ఒళ్ళు జలదరించింది, చలికి కాదు.

బుధవారం
పొద్దున కొత్త యంత్రం తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. సన్నటి నలకలు, కాసేపే. వెనక్కి చూస్తే నిన్నా అదే వేళకు ఉంది — మురిపెంలో చూసుకోలేదు. "లేజర్ తేడా. విప్పి తెచ్చెయ్" — సార్. రెండు రోజులు గడువిమ్మని బతిమాలాను. అన్నం సయించలేదు.

గురువారం
గీత లేవగానే నిచ్చెన దిగి పరిగెత్తాను. దగ్గర్లో లారీ ఏదీ ఆగి లేదు. టీ పొయ్యి ఇంకా ముట్టించలేదు. కొట్టు వెనక అవ్వ — మనవరాలికి నీళ్ళు పోసి, కుంపటి నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తడి జుట్టుకు పొగ పడుతోంది. పసిది దగ్గుతోంది.

అన్ని లారీల మధ్య, అంత మంచులో, ఒక పసిబిడ్డ స్నానాన్ని పట్టేసింది నా యంత్రం! ఆ పొగనే చూస్తూ నిలబడ్డాను. మా అమ్మా నాకు ఇదే పొగ పట్టింది.

"ఏమమ్మా, అట్ల చూస్తా ఉండావు?"
"రేపొక్కరోజు పొగ వద్దవ్వా. మిషన్‌కి పరీక్ష."
"పాపకి జలుబు చేస్తాది గదమ్మా... సరే, నీకోసరం."
ఆ పొగకే పాప దగ్గుతోందన్న మాట ఎత్తలేకపోయాను.

శుక్రవారం
మంచు. అదే వేళ. గీత లేవలేదు — అంటే లేజర్ తేడా కాదు, పొగే. ఎవరూ చూడకుండా యంత్రానికి దండం పెట్టాను. "పాసయింది" — సార్. ఏడుపొచ్చింది.

అవ్వ టీ తెచ్చింది. నవ్వుతోంది.
"నీ మిషన్ గెలిచినాది గదమ్మా?"
"గెలిచిందవ్వా."
"అట్లయితే రేపు పాపకి పొగ పట్టొచ్చు గదా?"

టీ గ్లాసు పక్కన పెట్టాను — ఆ దగ్గు మాట ఇప్పుడైనా చెప్పాలి. అవ్వ ఇంకా నిలబడే ఉంది.