పేరు అడగని స్నేహం

కృష్ణవేణీ,

కంప్యూటర్ ఆపవద్దు. కనెక్షన్‌తో ఉచితంగా వచ్చే న్యూస్‌గ్రూపులను, అదే, నేను రోజూ రాసే ఆ చర్చావేదికలను, ఇంటర్నెట్ కంపెనీ ఈ రోజు నుంచి తీసివేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే, "అవి ఇంకా చదివేవాళ్ళున్నారా?" అని ఆశ్చర్యపోయింది అక్కడి అమ్మాయి.

మన వర్ష కాలేజీ నుంచి రాగానే ఆ గ్రూపులు దొరికే మరో ఉచిత సర్వర్ వెతికి, మా వేదాంతం గ్రూపులో నా తరఫున ఒక్క ముక్క రాయమను: "ఆపరేషన్ ఎలా జరిగింది?"

'మెట్టవేదాంతి' అనే మారుపేరుతో ఇన్నేళ్ళుగా నాతో వాదిస్తున్న ఆయనకు నిన్న గుండె ఆపరేషన్. కోలుకోగానే అక్కడే రాస్తానన్నారు. చెత్త మెయిళ్ళకు భయపడి ఆ గ్రూపులో అందరం తప్పుడు ఈమెయిల్ అడ్రసులే పెట్టుకున్నాం. ఆయన అడ్రసు నాకు తెలియదు, నాది ఆయనకు తెలియదు.

నామరూపాలు మిథ్య అని ఆయనతో ఒప్పించినవాణ్ణి నేనే. ఈ ఉదయం ఏ ఆసుపత్రికైనా ఫోన్ చేద్దామంటే, అడగడానికి నా దగ్గర ఒక పేరు లేదు.

శశికాంత్

రోజూ పోట్లాడే మనిషిని పేరైనా అడగరేం అని దెప్పేదానివి. ఈ సాయంత్రం మాత్రం దెప్పకు.