రెండు రోజుల గిన్నెలు

మే 22, శుక్రవారం. మధ్యాహ్నం

దుప్పట్లు ఉతికాను, ఆరు. ముందుగది ఫ్యాను రెక్కలు తుడిచాను. ఫ్రిజ్ కడిగాను. కూరలు తరిగి డబ్బాల్లో సర్దాను. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేశాను, అక్క కూర్చుని స్నానం చేయడానికి. మిగిలిన పని ఒక్కటే: అక్కని చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా ఉండటం.

ఏటా ఈ నాలుగు రోజుల సెలవుకి అక్కా బావగారూ మా ఇంటికే వస్తారు. శనివారం పేకాట. రమ్మీలో ఓడినవాళ్ళు సోమవారం దాకా ఇంటిల్లిపాది గిన్నెలూ తోమాలి. నాన్న పెట్టిన రూలు. నాన్న పోయినా రూలు పోలేదు.

నిరుడు అక్క ఓడింది. ఆ రాత్రే ఆయాసం వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో ఉన్నది అప్పుడే బయటపడింది. ఆదివారం, సోమవారం గిన్నెలు నేనే తోమాను. ఇదే పుస్తకంలో రాసిపెట్టాను. అక్క, రెండు రోజుల గిన్నెలు, బాకీ. మంచం మీద ఉన్న అక్కకి చూపిస్తే మాస్కులోంచే నవ్వింది. నీ లెక్కలు తగలెయ్యా, అంది. అది నవ్వాలనే రాశాను.

ఈసారి కాగితం ప్లేట్లు కొన్నాను. గ్లాసులు కూడా కాగితంవే. మా ఇంట్లోకి ఇవి రావడం ఇదే మొదలు. వండిన గిన్నెలు ఎప్పటికప్పుడు ఎవరి కంటా పడకుండా నేనే తోమేస్తాను. గిన్నెలే లేకపోతే బాకీ మాటే రాదు.

అదే రోజు, సాయంత్రం

వచ్చారు. పీటీ టీచర్‌గా గ్రౌండ్‌లో వంద మందిని ఒక్క విజిల్‌తో నిలబెట్టిన మనిషి అక్క. మా గుమ్మం ముందు మెట్లు ఆగి ఆగి ఎక్కింది. పైకి వచ్చాక, ఏమే, నేను రాకూడదని మెట్లు పెంచావా, అంది. నేను ఏడవలేదు. ఆ పని పూర్తయింది.

టేబుల్ మీద కాగితం ప్లేట్లు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. పాల కవర్లు కూడా కడిగి ఆరేసుకునేదానివి, నీకేం పోయేకాలం వచ్చిందే, అంది. అందరం ఒక్కసారిగా ఆగిపోయాం. మావారు మంచినీళ్ళ గ్లాసు పెదవుల దగ్గరే పట్టుకుని ఉండిపోయారు. ముందు నవ్వింది అక్కే. నీకు కాదులే, తిను, అంది.

ట్రీట్‌మెంట్ ఎలా ఉందని అడిగాను. నడుస్తోంది, నాకంటే అదే నయం, అంది. బావగారు తల వంచుకుని తింటున్నారు. ఆయనది సిటీ బస్సు డ్రైవరు ఉద్యోగం. ఎప్పుడూ రోడ్డు కబుర్లు చెబుతారు. ఈరోజు ఒక్కటీ చెప్పలేదు.

మే 23, శనివారం

వంట రెండు పూటలా. ఇస్త్రీ. పరుపు ఎండలో వేశాను. అక్కకి మందులు నాలుగు సార్లు ఇవ్వాలని కాగితం మీద రాసుకుంటే, ఇప్పుడు ఒక్కటే వేసుకుంటున్నా, నొప్పికి, అంది. తగ్గించారేమో అనుకున్నాను. మంచిదే అనుకున్నాను.

పేకాటకి ఎప్పటిలాగే మా అమ్మాయి తీర్పరి. చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ దాన్ని జడ్జిగారూ అనే పిలుస్తుంది. మూడో ఆటలో మావారు చేతిలోని జోకర్ని తీసి కింద పడేశారు. జడ్జిగారు కిటికీలోంచి బయటికి చూసింది. అక్క వదల్లేదు. మరిదిగారూ, జాలిపడి ఓడిపోతే పాపం చుట్టుకుంటుంది, పెళ్ళాం చేతిలో ఓడిపోయినట్టు నిజాయితీగా ఓడిపోండి, అంది. ఆయన జోకర్ని మళ్ళీ తీసుకున్నారు. అయినా ఓడిపోయారు. ఆయనకి ఆట రాదు, పాపం.

అక్క గెలిచింది. ఈ ఏడు నాకు కొత్త బాకీ లేదన్నమాట, పాతదొక్కటే ఉంది, రేపు తోమేస్తాను, అంది. తోమడానికేం లేవు, వచ్చే ఏటికి క్యారీ ఫార్వర్డ్ చేశాను, అన్నాను. అక్క నావైపు చూసింది. పిల్లలు అబద్ధం చెప్పినప్పుడు గ్రౌండ్‌లో అలాగే చూసేదట.

మే 24, ఆదివారం. పొద్దున

పాలు కాచాను. ఇల్లు ఊడ్చాను. బావగారు బయట కారు కడుగుతుంటే బకెట్‌తో నీళ్ళు తీసుకెళ్ళాను.

మందులు ఆపేశారట. ఇక లాభం లేదని డాక్టరే అన్నాడట. ఈ వేసవి దాటితే గొప్పట. బావగారు ఇదంతా అద్దం తుడుస్తూ చెప్పారు. తుడిచిన చోటే తుడిచారు. మీ అక్క నీకు చెప్పొద్దంది, అన్నారు. దానికి చెబితే కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటుంది, ఈ నాలుగు రోజులూ కూడా లెక్కల పాలవుతాయి, అందట. నాకు మాత్రం ఎవరున్నారమ్మా చెప్పుకోవడానికి, అన్నారు. బకెట్ ఇచ్చి లోపలికి వచ్చేశాను. ఆయన్ని ఓదార్చాలని తర్వాత తోచింది.

మధ్యాహ్నం మూడు

మా పోట్లాట రాయాలి.

భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చేసరికి అక్క సింక్ దగ్గర ఉంది. అన్నం గిన్నె చేతిలో పట్టుకుని, పీచు ఎక్కడ దాచావే, అంటోంది. గిన్నె లాక్కున్నాను. మెల్లగా తీసుకోలేదు, లాక్కున్నాను. వచ్చే ఏడు తోముదువుగాని అన్నాను. వచ్చే ఏడా, అంది. అవును, వచ్చే ఏడే, రూలు రూలే, సెలవుకి వచ్చినప్పుడే తోమాలి అన్నాను.

అక్క కుర్చీలో కూర్చుంది. మీ బావ నోట్లో నువ్వుగింజ నానదు, అంది. తర్వాత, ఎవర్ని మోసం చేస్తున్నావే, నన్నా, నీ పుస్తకాన్నా, అంది. బాకీ పెట్టుకుని పోవడం నాకిష్టం లేదు, అంది.

అందుకే కదా. అక్క ఎవరి బాకీ ఉంచుకోదు. స్కూల్లో తీసుకున్న సుద్దముక్క కూడా వెనక్కి ఇచ్చేది. బాకీ ఉంటే ఎలాగైనా వస్తుంది. ఆయాసపడుతూనైనా, మెట్టు మెట్టుకీ ఆగుతూనైనా వస్తుంది. మందులు పని చేయలేదు. నా దగ్గర ఇంకేం ఉంది?

ఇదంతా అక్కతో అనలేదు. గిన్నె తోమి బోర్లించాను.

సాయంత్రం

ఏ పనీ చేయలేదు.

మే 25, సోమవారం

తెల్లారి వంటింట్లో చప్పుడుకి మెలకువ వచ్చింది.

తోమడానికి ఏమీ మిగల్చలేదు కదా. అక్క అల్మారా తెరిచి శుభ్రంగా ఉన్న గిన్నెలే దించింది. కంచాలు, గ్లాసులు, గరిటెలు, ఏడాదికోసారి కూడా వాడని పెద్ద బేసిన్. సింక్ ముందు బాత్రూమ్ స్టూల్ వేసుకుని కూర్చుని తోముతోంది. ఒక కంచం తోమడం, కాసేపు గోడకి ఆనుకోవడం, ఇంకో కంచం. నైటీ ముందంతా తడిసిపోయింది. పీచు దొరికినట్టుంది. జడ్జిగారు పక్కనే నిలబడి నీళ్ళు పోస్తోంది. ఇద్దరూ కూడబలుక్కున్నారు.

ఆపుదామనే వెళ్ళాను. అక్క తల తిప్పలేదు. సబ్బు ఇంకాస్త వెయ్యి జడ్జిగారూ, మీ అమ్మ వేలితో రాసి చూస్తుంది, అంది.

తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

తోమినవన్నీ బోర్లించాక, మళ్ళీ ఇటివ్వు, అంది. ఎందుకు, అన్నాను. ఇది ఆదివారానిది, సోమవారానిది ఇంకా ఉంది, అంది. అన్నీ రెండోసారి తోమింది. ఒక గాజు గ్లాసు జారి పగిలింది. అది నా బాకీలో రాయకు, నీ గ్లాసులకి వయసైపోయింది, అంది. నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. తడిచేత్తోనే నా జుట్టు వెనక్కి తోసింది. చిన్నప్పుడు స్కూలుకి జడ వేసేటప్పుడు అలాగే తోసేది. ఊరుకోవే, తోమిన కంచాల మీద ఏడిస్తే మళ్ళీ తోమాలి, అంది. నీళ్ళు పోస్తున్న మా అమ్మాయి మగ్గు పట్టుకుని గోడవైపు తిరిగింది.

పదింటికి బయల్దేరారు. అక్క తన విజిల్ తీసి జడ్జిగారి మెడలో వేసింది. నాకు ఇక ఊదడానికి గాలి చాలడం లేదు, నువ్వు వాడు, అంది. కారు ఎక్కాక అద్దం దించి, రాసెయ్యి, అంది. బావగారు వీధి చివరిదాకా కారు నిండు బస్సు నడిపినట్టు నడిపారు.

కంచాలకి ఇంకా సబ్బు జిడ్డు ఉంది. మళ్ళీ కడగలేదు. లెక్క ప్రకారం చెల్లు అని రాయాలి. రాయలేదు.

జూన్ 7, ఆదివారం

దుప్పట్లు. కిరాణా. అక్క ఫోన్ చేసింది. రాశావా, అంది. తీరిక లేదు, అన్నాను.

జూన్ 21, ఆదివారం

ఫోన్‌లో మాట కంటే ఊపిరే ఎక్కువ వినిపించింది. రాశావా? రాస్తాలే అక్కా.

జూలై 2, గురువారం

పనులు ఏవీ రాయడం లేదు.

మధ్యాహ్నం బావగారు ఫోన్ చేశారు. నిన్నటి నుంచి కళ్ళు తెరవలేదట. ఎవరి కోసమో ఆగినట్టుంది, అన్నారు. ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టమన్నాను. రాశానక్కా, అన్నాను.

చెప్పాక పుస్తకం తీశాను. అక్క దగ్గర ఎప్పుడూ నా అబద్ధం నిలవలేదు.

అక్క, రెండు రోజుల గిన్నెలు. చెల్లు.