గార్డు పెట్టె పట్టాలు తప్పిన సంగతి

ప్రియమైన నీకు,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం నిజమా అబద్ధమా అని ఇంతవరకూ ఎవరూ విచారణ జరపలేదు, అందుకే ఇన్నేళ్లు బతికిపోయింది. ఈసారికి అది సగమే నిజం. మీ అమ్మ క్షేమం. మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు పెరిగింది. నా సంగతి చివరిదాకా చదివి నువ్వే తేల్చు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. బాగుచేసింది నేను కాదు, మీ అమ్మ. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాళ్లను ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గించారు. మిగిలిన ఇద్దరిలో నేనున్నాను కాబట్టి సంతోషించమని యజమాని సెలవిచ్చాడు. ముగ్గురి చాకిరీ ఇద్దరి నెత్తిన వేసి, పైగా కృతజ్ఞత అడగడం ఏ రకం న్యాయమో నిలదీస్తూ కరపత్రం రాశాను. ఆయన ప్రెస్సులోనే అచ్చు వేయించాను. ఒక్క అచ్చుతప్పు లేదు.

ఇక నీ మూడో ప్రశ్న. "డాక్టరు గారు చేసిన గార్డు పెట్టె మీ బొమ్మ రైళ్ల ప్రదర్శనలో ఎలా నడిచింది? ఆయన ఏమీ రాయలేదు" అని అడిగావు. నడవలేదు. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర దారి తప్పి, బల్ల అంచు దాటి నేల మీద పడింది. మెట్లు రెండూ విరిగాయి. ఎందుకు పడిందో చెప్తాను, కానీ నా వరుసలో చెప్పనివ్వు. బోనెక్కినవాడికి ఆ మాత్రం హక్కుంటుంది.

గూడ్సు గార్డుగా నిన్ను అంత దూరం డిపోకి బదిలీ చేసి ఏడాదిన్నర. ఈ ఏడాదిన్నరలో నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో అన్నిటికంటే పొడవైనది రెండున్నర పేజీలు. అందులో ఒక పేజీ కరెంటు మీటరు గురించి. పళ్ళ డాక్టరుకి మాత్రం ఒకే విడతలో నాలుగు పేజీలు రాశావట! బొమ్మలు కూడా గీశావట! ఈ మాట నాకెలా తెలిసిందంటావా? ఆయనే చెప్పాడు, మొహమంతా పళ్లు చేసుకుని.

మా సంఘం సంగతి నీకు తెలుసు. గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు పైగదిలో పట్టాలు, ఆదివారం ఏడుగురం మగాళ్లం, అరచేతిలో పట్టే రైలు పెట్టెలు. అందరూ చేసేవి ఏవి? పట్టు పరదాల మొదటి తరగతి పెట్టెలు, గోరంత బల్లలున్న భోజనాల పెట్టెలు. బల్ల మీద పువ్వు కూడా పెడతారు, వండేవాణ్ణి మాత్రం పెట్టరు. "ఈ గిన్నెలు ఎవరు తోముతారు స్వామీ?" అని ప్రతి ఆదివారం అడుగుతాను. అందరూ ఆ పువ్వే సర్దుకుంటారు. నేను పదిహేనేళ్లుగా బొగ్గు వ్యాగన్లు, పశువుల వ్యాగన్లు, గార్డు పెట్టెలు తప్ప వేరేవి చేయలేదు. చెమట నా శాఖ. ఆ శాఖ నాకెవరూ ఇవ్వలేదు, నిజమే. కానీ పదిహేనేళ్లలో ఇంకెవడూ అటు తొంగిచూడలేదు కూడా.

రెండేళ్ల క్రితం డాక్టరు చేరాడు. ఆయన దగ్గర వెంట్రుకంత సన్నని రంధ్రం వేసే డ్రిల్లులున్నాయి, సూదిమొన మీద వెలుగు పడే దీపముంది, చిటికెలో గట్టిపడే మైనముంది. నా దగ్గర బ్లేడు ముక్క, సగం కోసిన టూత్‌బ్రష్షు. ఉత్పత్తి సాధనాలన్నీ ఒక వర్గం చేతిలో ఉన్నాయని నేను ఊరికే అంటున్నానా? అయినా ఆయన మొదటి తరగతి పెట్టెలు చేసినంతకాలం నాకు అభ్యంతరం లేకపోయింది. తిట్టుకోవడానికి వీలుగా ఉండేవాడు.

ప్రదర్శనకి నెల ముందు ఆదివారం, చెక్క డబ్బా తెరిచి దూది పొరల్లోంచి గార్డు పెట్టె తీశాడు. నా శాఖలోంచి!

"అన్నా, మీరే ముందు చూడాలి" అన్నాడు.

చూశాను. అప్పటికి నేను నాలుగు గార్డు పెట్టెలు చేశాను, నీకు తెలుసు. వాటిలో ఒక స్టూలు, ఒక లాంతరు, చుట్టూ సమంగా తుప్పు. తుప్పు రంగు స్పాంజితో అద్ది, దుమ్ము కోసం సుద్దపొడి రుద్ది, పైన మెరుపు లేని వార్నిష్ కొడతాను. నా తుప్పుని అందరూ మెచ్చుకుంటారు. డాక్టరు పెట్టెలో తుప్పు సమంగా లేదు. మెట్ల పక్క కడ్డీ ఒక్కచోటే, చెయ్యి పడేచోట, రంగు పోయి ఇనుము మెరుస్తోంది. లోపల సీసా ఒకటి దారంతో కడ్డీకి కట్టి ఉంది, కుదుపులకి దొర్లకుండా. కిటికీ సందులో మడతపెట్టిన కాగితం ముక్క, అద్దం గడగడలాడకుండా. ఎడమవైపు కిటికీ చట్రం మీద, పప్పుగింజలో సగమంత మేర, రంగు అరిగిపోయి చెక్క కనిపిస్తోంది.

"ఇదేంటి, రంగు ఊడిందా?" అన్నాను. తప్పు దొరికిందని నా గొంతులో ఎంత సంబరమో నాకే వినిపించింది.

"కాదన్నా. వంపు వచ్చినప్పుడల్లా బండి మొత్తం చూడ్డానికి వదినగారు ఎడమ మోచెయ్యి అక్కడే ఆనిస్తారట. పాత పెట్టెలన్నిటికీ అక్కడ అలాగే అరిగి ఉంటుందట. మొన్న సెలవులకి వచ్చి పన్ను పూడ్పించుకున్నప్పుడు అడిగాను. తర్వాత ఉత్తరంలో వివరంగా రాశారు."

అందరూ మూగారు. గడియారాలాయన కంటికి భూతద్దం తగిలించుకుని మరీ చూసి, "ఇందులో మనిషి లేదు, అయినా ఉంది" అన్నాడు. పదిహేనేళ్లలో నా పెట్టెల గురించి ఆ మాట అనలేదు ఆ పెద్దమనిషి.

నీ ఎడమ మోచేతి మీద నల్లటి కాయ ఉంది. పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. అది ఎందుకొచ్చిందో ఒక్కసారీ అడగలేదు. నువ్వు ఎక్కే పెట్టె గురించి రెండు కరపత్రాలు రాశాను, ఒక సభలో ముప్పావుగంట మాట్లాడాను. నిన్ను అడగాలని మాత్రం తోచలేదు. శ్రమ అంటే నాకు అంత బాగా తెలుసు మరి!

ఇంటికొచ్చి మీ అమ్మ మీద ఎగిరాను. వావీవరసా లేకుండా ఊళ్లో వాళ్లందరికీ ఉత్తరాలు రాయడమేమిటన్నాను. అన్నాక సిగ్గేసింది. ఆడవాళ్లు ఎవరికి ఉత్తరం రాయాలో మగాళ్లు నిర్ణయించడం మీద నేను రాసిన వ్యాసం అదే అలమరలో ఉంది.

"ఆయన అడిగాడు, అది చెప్పింది" అంది మీ అమ్మ. "మీరెప్పుడన్నా అడిగారా అల్లుడుగారూ? మీరు ఉపన్యాసం ఇస్తారు, అది ఆవలిస్తుంది. కుళ్లుకుంటే కుళ్లుకోండి గానీ, కంచం ముందు కూర్చుని కాదు. అన్నం చల్లారిపోతోంది."

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపు ఎందుకు చుట్టూ తిరిగానో నీకు తెలిసే ఉంటుంది. బల్ల ఎక్కే ప్రతి పెట్టెనీ తిరగేసి, చక్రాల మధ్య ఎడం కొలత రేకుతో సరిచూసి, చీటీ మీద టిక్కు పెట్టడం మా సంఘంలో నా పని. టిక్కు లేని పెట్టె పట్టాల మీదికి రాదు. మొహమాటం లేనివాణ్ణి, ఎవరి మొహం చూసీ సడలించనివాణ్ణి అని ఏకగ్రీవంగా నాకిచ్చారు. ప్రదర్శన ముందురోజు డాక్టరు పెట్టెని నేనే తిరగేశాను. కొలత సరిగ్గా ఉంది. రేకు పక్కన పెట్టాను. వెనక చక్రాన్ని రెండు వేళ్లతో పట్టి, ఇరుసు మీద వెంట్రుకవాసి లోపలికి మెలితిప్పాను. తిన్నటి పట్టా మీద ఏమీ కాదు. పట్టాలు చీలే చోట మాత్రం ఆ చక్రం తన దారి తను చూసుకుంటుంది. అది తెలిసే తిప్పాను. తర్వాత టిక్కు పెట్టాను. ఆ టిక్కు ఎప్పటిలాగే తిన్నగా పడింది. అదే నాకిప్పుడు భయంగా ఉంది.

మర్నాడు జనం ముందు పదకొండు వ్యాగన్లూ దాటాయి, చివరి పెట్టె దాటలేదు. అది పడుతుంటే ఒక్క క్షణం ప్రాణం హాయిగా ఉంది. అబద్ధమెందుకు! తర్వాత డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని, జనం కాళ్ల మధ్య ఆ విరిగిన మెట్లు వెతుక్కోవడం చూశాను. లేచి నా దగ్గరికే వచ్చాడు.

"నా తప్పేనన్నా. మీరు చూసి టిక్కు పెట్టాక కూడా నేను మళ్లీ ముట్టుకుని ఉంటాను. చక్రాలు ఎక్కించడం ఒకసారి నేర్పిస్తారా?"

వారం రోజులు తప్పించుకు తిరిగాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. ఆ మూడో ప్రశ్నకి అబద్ధం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, కాగితం పాడుచేసి లేచాను. నిన్న ఆయన ఆసుపత్రికి వెళ్లాను. రోగులెవరూ లేరు. కూర్చోడానికి ఆ వాలుకుర్చీ తప్ప వేరే లేదు. మొహం మీద దీపం, పొట్ట మీద చేతులు, ఆ భంగిమలో చెప్పాను. నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆయన దీపం ఆర్పేశాడు. పరికరాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టుకున్నాడు. "మీ టిక్కు ఉందని నా చేతుల్నే అనుమానించానన్నా" అన్నాడు. నేను లేచి గుమ్మం దాకా వెళ్లాక, "వదినగారికి నేను రాయలేదు, రాయను. మీరే చెప్పుకోండి" అన్నాడు. తిడితే నాలుగు తిట్టి సమానం చేసుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. మర్యాదలో కూడా నన్ను మించిపోయాడు, దరిద్రుడు.

ఈ ఉదయం సంఘంలో నిలబడి అదే చెప్పి, కొలత రేకు తిరిగి ఇచ్చేశాను. గడియారాలాయన దాన్ని జేబులో వేసుకుంటూ, "ఇన్నాళ్లూ నీతులు చెప్పారు, ఇవాళ ఉదాహరణ కూడా ఇచ్చారు" అన్నాడు. ఇకనుంచి నా పెట్టెలు కూడా తిరగేసి వేరేవాళ్లు చూస్తారు. చూడనీ.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు జాలిపడి ఇచ్చేస్తావు, నాకు తెలుసు. డాక్టరు పెట్టెకి కొత్త మెట్లు చేస్తున్నాడు. ఏదైనా వివరం కావాలని రాస్తే ఆయనకి తప్పకుండా రాయి. ఆపే హక్కు నాకు లేదు. మండుతుంది, ఆ మంట నేను పడతాను.

కానీ నన్నూ ఒకటి అడగనివ్వు. ఆయన అడగనిది దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది. సిగ్నల్ పడక బండి ఎక్కడో మధ్యలో గంటలకొద్దీ ఆగిపోతుంది కదా. ఇంజను కంటికి ఆనదు, పెట్టెలో నువ్వొక్కదానివే. అప్పుడు ఎవరితో మాట్లాడుకుంటావు? నాలుగు పేజీలు అక్కర్లేదు, నాలుగు ముక్కలు రాసినా చాలు.

ఇది కూడా ఆయనకి ముందే రాసేసి ఉంటే మాత్రం, నాకు చెప్పకు.

ఇట్లు,
పందొమ్మిదేళ్లు ఆలస్యంగా అడుగుతున్న
నీ ఇంటాయన